చెంబు లోపల విద్యుత్ క్షేత్రం ఉండదని ఇంట్లోనే చూడటం ఎలా?

లోహపు పాత్రకు విద్యుదావేశం ఇస్తే అది బయటి గోడ మీదే నిలుస్తుంది, లోపల విద్యుత్ క్షేత్రం, అంటే ఆవేశాలను తోసే లేదా లాగే ప్రభావం, సున్నా. పాఠ్యపుస్తకం ఒక్క వాక్యంలో తేల్చేసే ఈ సంగతిని కళ్లారా చూడటానికి ఒక చెంబు చాలు. గ్లాసు కన్నా చెంబే నయం: మెడ ఇరుకు కాబట్టి బయటి క్షేత్రం లోపలికి పెద్దగా దూరదు. స్టీలుదైనా, అటక మీది ఇత్తడిదైనా సరే, పొడిగా ఉండాలి.

థర్మోకోల్ దిమ్మ, మూరెడు పీవీసీ పైపు, ఉన్ని గుడ్డ, సన్నని నైలాన్ దారం, శనగగింజంత థర్మోకోల్ ఉండ, దానికి చుట్టడానికి అల్యూమినియం రేకు సిద్ధం చేసుకోండి. ముసురు పట్టిన రోజున ఈ పని పెట్టుకోవద్దు, తేమకు ఆవేశం నిలవదు. ఇంటి కరెంటుతో మాత్రం ఈ ప్రయోగం ఎప్పుడూ చేయకూడదు.

మొదట ఉండకు రేకు చుట్టి దారం కట్టండి. చెంబును దిమ్మ మీద నిలపండి. ఇక దాన్ని ముట్టుకోవద్దు, ముట్టుకుంటే ఆవేశం మీ ఒంటి గుండా నేలకు పోతుంది.

తర్వాత పైపును ఉన్నితో గట్టిగా రుద్దండి. ఉన్నిలోని ఎలక్ట్రాన్లు పైపు మీదకు చేరతాయి. ప్రయోగం చెడేది ఎక్కువగా ఇక్కడే: పైపును ఊరికే తాకించి తీసేస్తే చాలదు. పీవీసీలో ఎలక్ట్రాన్లు అటూ ఇటూ కదలలేవు, తాకిన చోట ఉన్నవే దిగుతాయి. అందుకని పైపును తిప్పుతూ, పొడవునా చెంబు పొట్టకు రాస్తూ లాగండి. సన్నగా చిటపట వినిపిస్తుంది. అయిదారు సార్లు ఇలా చేయండి.

ఇప్పుడు ఉండను చెంబు పక్కకు తెండి. అది ఒరిగి, చెంబుకు తగిలి, మరుక్షణం దూరంగా జరుగుతుంది. చెంబు ఆవేశంలో కొంత దానికీ అంటింది మరి, ఒకే రకం ఆవేశాలు వికర్షించుకుంటాయి.

ఉండను దూరంగా తీసుకెళ్లి వేలితో తాకి, ఆవేశం పోగొట్టండి. ఈసారి అంచుకు తగలకుండా లోపలికి దించండి. దారం నిట్టనిలువుగానే ఉంటుంది. అడుగుకు తాకించి, అంతే జాగ్రత్తగా పైకి తీసి, బయటి గోడ దగ్గరకు తెండి. వికర్షణ లేదు, ఉండ మళ్లీ చెంబు వైపే ఒరుగుతుంది. లోపల దానికి ఏమీ అంటలేదు.

1755లో బెంజమిన్ ఫ్రాంక్లిన్ వెండి పాత్రలోకి బెండు ఉండను పట్టుదారంతో దించి ఇదే చూశారు. కారణం తనకు తెలియదని నిజాయితీగా ఒప్పుకున్నారు. విద్యుత్ బలం కూడా గురుత్వాకర్షణలాగే దూరం వర్గానికి విలోమంగా (దూరం రెట్టింపైతే బలం నాలుగో వంతుకు) తగ్గుతుండాలని 1767లో జోసెఫ్ ప్రీస్ట్లీ ఊహించింది దీని ఆధారంగానే.

లోహంలో కొన్ని ఎలక్ట్రాన్లు ఏ పరమాణువుకూ కట్టుబడి ఉండవు. ఏ కాస్త క్షేత్రం మిగిలినా అది వాటిని తోస్తుంది, అది రద్దయ్యేదాకా అవి సర్దుకుంటూనే ఉంటాయి. చివరికి అదనపు ఆవేశమంతా బయటి ఉపరితలానికి చేరి, వంపు తిరిగిన అంచు దగ్గర ఒత్తుగా ఉంటుంది. ఇది ఆవేశాలు నిలకడగా ఉన్నప్పటి మాట. కరెంటు పారే తీగలో క్షేత్రం ఉంటుంది, ఎలక్ట్రాన్లను నడిపించేది అదే.

మీ ఉండ చెంబు లోపల కూడా పక్కకు ఒరుగుతుంటే నోరు వెడల్పైందన్నమాట. ఇంకాస్త లోతుకు దించి చూడండి.