కారు కింద ఆయిల్ మరకా? లీకు ఎక్కడుందో ఇలా పట్టుకోండి

మాది పాలకొల్లు దగ్గర ఊరు. సంక్రాంతి ముందు ఒక తెల్లవారుజామున ముగ్గు వేద్దామని కారు పక్కకి తీస్తే, గచ్చు మీద అరచేతంత నల్లటి మరక కనబడింది. వేలితో రాసి చూస్తే జిడ్డు. ఇంజిన్ ఆయిలే. షెడ్డుకి తీసుకెళ్తే మెకానిక్ ఒక్కసారి కిందకి వంగి చూసి, "క్రాంక్ వెనకాల ఆయిల్ సీల్ పోయిందండి, గేర్‌బాక్స్ దింపాలి" అన్నాడు. క్రాంక్ అంటే ఇంజిన్‌లో తిరిగే ఇరుసు, దాని చివర నుంచి ఆయిల్ కారకుండా ఆపేది ఈ సీల్. అది మార్చాలంటే ఖర్చు వేలల్లో. పండగ అయ్యాక చూద్దామని వచ్చేశాను. ఆ నాలుగు రోజుల్లో ఇంటి దగ్గరే ఓపిగ్గా వెతికితే తేలింది ఏమిటంటే, సీల్ నిక్షేపంలా ఉంది. ఇంజిన్ పైన ఉండే టాప్ కవర్ ప్యాకింగ్ గేర్‌బాక్స్ వైపు మూలలో గట్టిపడి పగిలింది. అక్కడ కారిన ఆయిల్ ఇంజిన్ ఒంటి మీదుగా దిగి, గేర్‌బాక్స్ అతుకు దగ్గర చుక్కగా రాలుతోంది. కొత్త ప్యాకింగ్ ఖరీదు కొన్ని వందలు.

చుక్క రాలే చోటు ఒకటి, లీకయ్యే చోటు మరొకటి. ఆయిల్ కిందకి పారుతుంది, బండి నడుస్తుంటే గాలికి వెనక్కి కూడా పోతుంది. కాబట్టి తడి అన్నిటికంటే పైన, అన్నిటికంటే ముందు ఎక్కడ మొదలైందో అదే మనం వెతకాల్సిన చోటు.

ముందు అది ఇంజిన్ ఆయిలేనా?

రాత్రి బండి పెట్టాక ఇంజిన్ కింద ఒక పెద్ద అట్ట పరవండి. ముందు చక్రాలు ఎక్కడున్నాయో దాని మీద పెన్నుతో గుర్తు పెట్టుకుంటే, చుక్క ఏ వైపు పడిందో పొద్దున్న తెలుస్తుంది. మన వైపు ఉక్కపోతకి ఏసీ వేసుకుని తిరిగితే బండి కింద నీళ్లు బాగానే కారతాయి. ఆరిపోయాక మరక లేకపోతే అది ఏసీ నీరే, టెన్షన్ అక్కర్లేదు. ఆకుపచ్చగానో గులాబీ రంగులోనో ఉండి తియ్యటి వాసన వస్తే కూలెంట్. ఎర్రటి నూనె అయితే పవర్ స్టీరింగ్‌దో, ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌దో కావచ్చు. చక్రం దగ్గర పల్చటి లేత పసుపు ద్రవం కనబడితే బ్రేక్ ఆయిల్ అని అనుమానించాలి. అప్పుడు బండి తీయకుండా మెకానిక్‌నే ఇంటికి పిలవండి. ఇంజిన్ ఆయిల్ తేనె రంగు నుంచి నలుపు దాకా ఉంటుంది. డీజిల్ బండ్లలో అయితే మార్చిన కొద్ది రోజులకే నల్లబడిపోతుంది.

ఇంజిన్ ఆయిలే అని తేలితే, బండిని సమంగా ఉన్న చోట ఆపి, పది నిమిషాలాగి ఆయిల్ మట్టం చూపించే గేజ్ పుల్ల తీసి చూడండి. కింది గీతకి దిగిపోయి ఉంటే, కంపెనీ చెప్పిన గ్రేడు ఆయిల్ పోశాకే మిగతా పని. దారిలో ఎర్రటి ఆయిల్ లైటు వెలిగితే బండి పక్కకి తీసి వెంటనే ఇంజిన్ ఆపేయండి. ఇంకో కిలోమీటరే కదా అని నడిపితే ఇంజిన్ పట్టేయొచ్చు.

కడగకుండా వెతకొద్దు

అసలు కిటుకంతా ఇక్కడే ఉంది. ఎన్నాళ్ల నుంచో పేరుకున్న జిడ్డు మీద దుమ్ము కూరుకుపోయి ఉంటుంది. అందులో కొత్త తడేదో, పాత మరకేదో ఎంతటి మెకానిక్‌కైనా తెలియదు. ఇంజిన్ పూర్తిగా చల్లారాక, కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్‌నీ, వైర్ల కనెక్టర్లనీ, గాలి పీల్చే గొట్టం మూతినీ పాలిథిన్ కవర్లతో కట్టండి. షాపుల్లో దొరికే, జిడ్డు వదిలించే డీగ్రీజర్ కొట్టి, పాత బ్రష్షుతో మూలమూలలా రుద్ది, గుడ్డతో తుడవండి. పెట్రోలు మాత్రం వాడకండి, అంటుకుంటుంది. వాటర్ సర్వీసింగ్‌లో కడిగిస్తే, ఇంజిన్ మీద ప్రెషర్ గన్ దగ్గరగా కొట్టొద్దని చెప్పండి.

ఆ జిడ్డు నీళ్లు బోదెలోకో, కాలవలోకో పోనివ్వకండి. మన ఊళ్లలో తాగే చెరువులు నిండేది ఆ కాలవలతోనే. కింద ఇసకో, రంపపు పొట్టో పోసి పీల్చనిచ్చి, ఎత్తి పక్కన పెట్టండి.

పౌడరు పరీక్ష

కడిగింది బాగా ఆరాక, మీకు అనుమానం ఉన్న అతుకుల వెంట ఇంట్లో ఉన్న ముఖానికి రాసుకునే పౌడరే పల్చగా చల్లండి. బెల్టుల మీదా, వైర్ల మీదా పడనివ్వకండి. ఇంజిన్ ఆన్ చేసి పది నిమిషాలు ఉన్న చోటే ఉంచి, ఆపి చూడండి. ఏమీ కనబడకపోతే ఓ పదిహేను కిలోమీటర్లు తిప్పి తీసుకురండి. కొన్ని లీకులు ఇంజిన్ బాగా వేడెక్కి, ఆయిల్ పల్చబడ్డాకే బయటపడతాయి.

నా బండిలో మొదటిసారి ఏమీ దొరకలేదు. నరసాపురం దాకా వెళ్లొచ్చి బానెట్ ఎత్తాను. తెల్లటి పౌడరు మీద చీమల బారు లాంటి సన్నటి గీత, టీ డికాషన్ రంగులో. ఫోన్ టార్చ్ పట్టుకుని దాని వెంటే పైకి వెళ్తే, టాప్ కవర్ మూల బోల్టు కింద గింజంత తడి మెరుస్తూ ఉంది. దాని పైన అంతా పొడిగా, తెల్లగా ఉంది. ఇక అనుమానమేముంది! కంటికి అందని వెనక వైపు ఫోన్ లోపలికి పెట్టి వీడియో తీసి చూసుకోవచ్చు.

ఇంజిన్ తిరుగుతుండగా పంచె, చున్నీ, వదులుగా ఉన్న చొక్కా చేతులు దగ్గరకి రానివ్వకండి. ఇంజిన్ ఆపేశాక కూడా రేడియేటర్ ఫ్యాను దానంతటది తిరగొచ్చు.

పై నుంచి కిందకి ఏమేం చూడాలి

ఆయిల్ పోసే మూత, టాప్ కవర్ ప్యాకింగ్ మొదట చూడండి. వయసైన బండ్లలో ఎక్కువగా ఇక్కడే దొరుకుతుంది. పెట్రోల్ బండిలో స్పార్క్ ప్లగ్గు గుంటల్లో ఆయిల్ నిలిచినా కారణం ఈ కవర్ దగ్గరి సీళ్లే. డీజిల్ అయితే టర్బోకి వెళ్లే ఆయిల్ పైపు అతుకులు చూడండి. ఆయిల్ ప్రెషర్ స్విచ్చి చిన్నదే కానీ, దాని వైరు కనెక్టర్ లోపల ఆయిల్ ఉంటే స్విచ్చి పోయినట్టే.

ఆయిల్ మార్పించిన వారంలోపే లీకు మొదలైతే, ముందు ఫిల్టర్‌నీ, డ్రైన్ నట్టు వాషర్‌నీ అనుమానించండి. ఒక్కోసారి పాత ఫిల్టర్ రబ్బరు రింగు ఇంజిన్‌కి అంటుకుని ఉండిపోతుంది, దాని మీదే కొత్త ఫిల్టర్ బిగిస్తారు. రెండు రింగుల మధ్య నుంచి ఆయిల్ చిమ్ముతుంది. క్రాంక్ చివర బెల్టు తిరిగే పుల్లీ చుట్టూ గుండ్రంగా చిమ్మినట్టు ఉంటే, క్రాంక్ ముందు వైపు సీల్ పోయినట్టు.

ఇక చాంబర్, అంటే ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి. కాలవగట్టు రోడ్ల మీద ఎదురుగా లారీ వస్తే మనం చక్రం దింపక తప్పదు, ఆ అంచుకి చాంబర్ తగులుతుంది. సొట్ట పక్కన పగులుందేమో చూడండి. అంతర్వేది, ఉప్పాడ లాంటి తీరం ఊళ్లలో ఉప్పుగాలికి ఇనప చాంబర్ తుప్పు పట్టి సన్నగా చెమర్చడమూ ఉంటుంది. దీనికి కారు కిందకి వెళ్లాలి కాబట్టి ఒక్క జాకీని నమ్మకండి. మన ఒండ్రు నేలలో, వానాకాలం అయితే మరీ, జాకీ దిగబడిపోతుంది. గట్టి గచ్చు మీద స్టాండ్లు పెట్టి, చక్రాలకి అడ్డు వేశాకే దూరండి. స్టాండ్లు లేకపోతే షెడ్డులో ర్యాంపు మీదే చూపించండి.

ఒకేసారి రెండు మూడు చోట్ల తడి కనిపిస్తే ప్యాకింగులన్నీ మార్పించే ముందు బ్రీదర్ పైపు మూసుకుపోయిందేమో చూపించండి. లోపలి గాలికి దారి లేకపోతే ఆ ఒత్తిడి ఆయిల్‌ని సీళ్లలోంచి బయటకి తోస్తుంది. అది బాగు చేయకపోతే కొత్త ప్యాకింగ్ కూడా నిలవదు.

ఇంత చేసినా దొరకకపోతే, ఆయిల్‌లో కలిపే రంగు మందు ఉంటుంది. అది కలిపి కొన్నాళ్లు తిప్పి, చీకట్లో యూవీ టార్చ్ వేస్తే లీకైన చోట పసుపు పచ్చగా మెరుస్తుంది. పైన అంతా పొడిగా ఉండి, గేర్‌బాక్స్ అతుకు లోపలి నుంచి మాత్రమే మెరిస్తే అప్పుడు వెనక సీలే. గేర్‌బాక్స్ దింపించక తప్పదు.

షెడ్డుకి వెళ్లేటప్పుడు ఆ ఫోటోలు, వీడియో చూపించండి. "ఆయిల్ లీకవుతోంది" అనే బదులు "ఇదిగో, ఇక్కడ మొదలవుతోంది" అని చెబితే మాట తేలిగ్గా తెగుతుంది. పని అయ్యాక ఆ చోటు మళ్లీ శుభ్రంగా తుడిపించి, మూడు రాత్రులు బండి కింద కొత్త అట్ట పరిచి చూడండి. మా అట్ట మూడో రోజు పొద్దున్న కూడా పొడిగానే ఉంది.