విదేశీ వార్తలు చదవడం నేర్చుకుందాం – 4వ పాఠం: చైనా ప్రకటించిన సొమ్ములో అప్పెంత?

1971లో ఐక్యరాజ్యసమితిలో అప్పటిదాకా తైవాన్ ప్రభుత్వం చేతిలో ఉన్న చైనా స్థానం బీజింగ్‌కు దక్కడానికి ఆఫ్రికా దేశాల ఓట్లు ఎంత పనికొచ్చాయో గత పాఠంలో చూశాం. ఈసారి డబ్బు సంగతి. కాగితం, పెన్ను దగ్గర పెట్టుకోండి.

చైనా–ఆఫ్రికా సహకార వేదిక 2000లో మొదలైంది. మూడేళ్లకోసారి సమావేశమవుతుంది. 2024 సెప్టెంబరులో బీజింగ్‌లో జరిగిన సమావేశంలో, వచ్చే మూడేళ్లకు 36,000 కోట్ల యువాన్లు, అంటే సుమారు 5,000 కోట్ల డాలర్లు సమకూరుస్తామని షీ జిన్‌పింగ్ ప్రకటించారు. ఇలాంటి వార్తకు ‘భారీ సాయం’ అని హెడ్డింగ్ పెట్టేయడం తేలిక. మీరు మాత్రం అక్కడే ఆగి, ఆ మొత్తాన్ని విడదీయండి.

అందులో 21,000 కోట్ల యువాన్లు రుణ సదుపాయం. 8,000 కోట్లు రకరకాల సాయం. కనీసం 7,000 కోట్లు చైనా కంపెనీలు పెట్టాల్సిన పెట్టుబడి. భాగించి చూస్తే నూటికి 58 పాళ్లు అప్పే. అదీ చేతికొచ్చిన నగదు కాదు, ఇంతవరకు వాడుకోవచ్చు అనే పరిమితి. ప్రాజెక్టు కుదిరి సంతకాలు పడితేనే డబ్బు కదులుతుంది.

ఇక అప్పు పత్రం ఎలా చదవాలి? నాకు తెలిసినంతలో దీనికి కెన్యాను మించిన ఉదాహరణ లేదు. 2017లో మొదలైన మొంబాసా–నైరోబీ రైలు మార్గం ఒప్పందాలను కెన్యా ప్రభుత్వం 2022 నవంబరులో బయటపెట్టింది. అన్నేళ్లు జనానికి చూపించని పత్రాలవి. ఆ అప్పు తీర్చేది వాళ్లే కదా!

రైలు ఒక్కటే, అప్పిచ్చిన చైనా ఎగ్జిమ్ (ఎగుమతి–దిగుమతి) బ్యాంకూ ఒక్కటే, అప్పులు మాత్రం రెండు. మొదటిది 160 కోట్ల డాలర్ల రాయితీ రుణం: ఏడాదికి 2 శాతం స్థిర వడ్డీ, 20 ఏళ్ల గడువు, మొదటి ఏడేళ్లు అసలు సొమ్ము కట్టక్కర్లేదు. రెండోది సుమారు 163 కోట్ల డాలర్ల వాణిజ్య రుణం: 15 ఏళ్ల గడువు, అసలుకు విరామం ఐదేళ్లే. ఒప్పందం ప్రకారం దీని వడ్డీ లైబర్ రేటు (లండన్‌లో బ్యాంకులు ఒకదానికొకటి అప్పిచ్చుకునే వడ్డీ; 2023 నుంచి డాలరుకు ఇది లేదు) మీద 3.6 శాతం అదనం. అంటే లండన్ మార్కెట్లో డాలరు వడ్డీ పెరిగితే నైరోబీలో వాయిదా బరువెక్కేది. 2022లో సరిగ్గా అదే జరిగింది. 2025లో కెన్యా ఈ రైలు అప్పులను డాలర్ల నుంచి యువాన్లలోకి మార్చుకుంది.

అందుకే వడ్డీ స్థిరమా కాదా, అసలు సొమ్ము ఎప్పటి నుంచి కట్టాలి, ఏ కరెన్సీలో కట్టాలి అన్నవి ముందు వెతకండి. తగాదా వస్తే ఎక్కడ తేల్చుకోవాలో కూడా చూడండి. కెన్యా ఒప్పందంలో ఆ చోటు బీజింగ్. ఇవి చూడకుండా ‘అప్పుల ఉచ్చు’ అనేయడం కూడా నాకు తొందరపాటుగానే అనిపిస్తుంది.

అభ్యాసం: 2018లో చైనా 6,000 కోట్ల డాలర్లు ప్రకటించింది. అందులో గ్రాంట్లు, వడ్డీ లేని రుణాలు, రాయితీ రుణాలు కలిపి 1,500 కోట్లు. రుణ సదుపాయం 2,000 కోట్లు. అభివృద్ధి నిధి 1,000 కోట్లు. ఆఫ్రికా సరుకుల దిగుమతికి 500 కోట్లు. కంపెనీల పెట్టుబడి 1,000 కోట్లు. తిరిగి కట్టక్కర్లేని సొమ్ము ఎంతో ఈ అంకెలతో చెప్పగలరా? చెప్పలేకపోతే ఏ పద్దు అడ్డుపడుతోందో రాయండి.

వచ్చే పాఠంలో 2022 డిసెంబరులో రియాద్‌లో జరిగిన చైనా–అరబ్ దేశాల సదస్సు. అక్కడ చైనా ముందు చమురు కొనే ఖాతాదారు.