బడి లెక్క అడగడం ఎలా

కర్నూలు జిల్లా కోసిగి వైపు మా ఊళ్లో బడికి రెండేళ్లు తల్లిదండ్రుల కమిటీ అధ్యక్షురాలిగా ఉన్నాను. మొదటి ఏడాది సంతకాలు తప్ప ఏమీ చేయలేదు, సిగ్గుపడుతూనే చెబుతున్నాను.

ముందు హాజరుపట్టీ చూడండి. సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ విద్యా పథకం కింద బడి ఖర్చులకు వచ్చే పాఠశాల గ్రాంటు పిల్లల సంఖ్యను బట్టి ఉంటుంది. 2018 నాటి మార్గదర్శకాల ప్రకారం వంద దాటి 250 వరకు ఉంటే ఏడాదికి 50,000 రూపాయలు. అందులో కనీసం పదో వంతు పరిశుభ్రతకు ఖర్చు పెట్టాలి. మా బడిలో చీపురు కూడా కనిపించలేదు, రసీదులు మాత్రం ఉన్నాయి!

తీర్మానం రాయకుండా మాటలతో సరిపెట్టకండి. విద్యాహక్కు చట్టం, 2009 ప్రకారం కమిటీలో ముప్పాతిక మంది తల్లిదండ్రులే. పాఠశాల అభివృద్ధి ప్రణాళిక మీరే తయారుచేయాలి. ఖర్చుల వివరాలు ఇవ్వకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. ఆంధ్రప్రదేశ్‌లో గ్రామస్థాయిలో రుసుము లేదు, మండలస్థాయిలో 5 రూపాయలు. 30 రోజుల్లో జవాబు రావాలి.

చదువు సంగతి చూడటానికి ప్రగతి పత్రం చాలదు. అయిదో తరగతి పిల్లకు రెండో తరగతి వాచకం ఇచ్చి చదివించండి. మా ఊళ్లో తడబడినవాళ్లలో ఎక్కువ మంది మిరప కోతలకు అమ్మానాన్నలతో గుంటూరు వైపు వెళ్లొచ్చినవాళ్లే. మాస్టారిని తిట్టి లాభం లేదు. వలసకు ముందే, అంటే దీపావళి నాటికే, ఆ పిల్లల పేర్లు రాసి, అమ్మానాన్నలు వలస వెళ్లినన్నాళ్లు పిల్లలు ఉండి చదువుకునే సీజనల్ హాస్టల్ కావాలని మండల విద్యాశాఖాధికారికి అర్జీ ఇవ్వండి. నకలుపై ముద్ర వేయించుకోవడం మరవకండి.