కంచె వెంట తుప్పలు కొట్టే ముందు

ముందు హద్దురాళ్లు వెతికి పట్టుకోండి. పొదల్లో కూరుకుపోయిన రాయిని పొరపాటున కదిపినా తగాదా మొదలైనట్టే. ఫోటోలు తీసి, పక్క పొలం వాళ్లకు ఒక మాట చెప్పాకే పని మొదలుపెట్టండి.

- మందపాటి చేతి తొడుగులు, బూట్లు, కళ్లకు రక్షణ అద్దాలు తప్పనిసరి.
- పొదలో చెయ్యి పెట్టే ముందు పొడవాటి కర్రతో తట్టండి. పాములు, కందిరీగలు ఉండొచ్చు.
- అసలు ప్రమాదం బిగువుగా ఉన్న ముళ్లతీగతో. కత్తిరించగానే తెగిన కొస విసురుగా వెనక్కి చుట్టుకుని మొహానికి తగలొచ్చు. చివరి స్తంభం దగ్గర బిగువు తగ్గించాకే, పక్కకు నిలబడి కత్తిరించండి.
- బ్రష్ కట్టర్ (తుప్పలు కోసే యంత్రం) నడిచేటప్పుడు 15 మీటర్ల లోపు ఎవరూ ఉండకూడదు.
- ఎవరు చొరబడుతున్నా సరే, కంచెకు నేరుగా కరెంటు ఇవ్వొద్దు. ప్రాణాలు పోతాయి.
- చొరబడ్డవాళ్లు ఎదురైతే ఒంటరిగా గొడవకు దిగొద్దు, పోలీసులకు చెప్పండి.