గుమ్మడి పువ్వుకి కలర్ పెన్సిళ్లు

మాది ఆనందపురం దగ్గర పల్లె. దొడ్లో గుమ్మడి పువ్వులు తెల్లారుతూనే విచ్చుకుంటాయి, ఎండెక్కేసరికి ముడుచుకుపోతాయి. టీ తర్వాత తాగొచ్చు, ముందు పెన్సిల్ పట్టండి.

ఐదు రేకులూ లేతగా గీయండి. గట్టిగా నొక్కితే పడ్డ గాడి రంగు వేశాక కూడా కనబడుతుంది. మొత్తం లేత పసుపు వేసి, మీద నారింజ: గొంతు దగ్గర ముదురుగా, అంచుకి వచ్చేసరికి తేలిగ్గా. గీతలు రేకు మధ్య ఈనె వెంబడే పోవాలి. అడ్డంగా రుద్దితే రేకు కాస్తా అప్పడంలా అయిపోతుంది. నీడకి నలుపు వద్దు, పసుపు మురికి పట్టినట్టుంటుంది. నేనైతే పల్చగా ఊదా వేసి, మళ్లీ పసుపు వేస్తాను.

కాడ మీది నూగుకి ఆకుపచ్చ పెన్సిల్ బాగా చెక్కి పొట్టి గీతలు పెట్టండి. నాది అక్కడే ఆగింది, మా అమ్మ ఆ పువ్వు కోసుకెళ్లి గొబ్బెమ్మకి గుచ్చేసింది.