అమెరికా అంతర్యుద్ధానికి కారణమేమిటో మూలపత్రాలు చదివి తెలుసుకోవడం ఎలా

అమెరికా అంతర్యుద్ధం ఎందుకు జరిగిందని ఆ దేశంలో అడిగితే నేటికీ రెండు జవాబులు వినిపిస్తాయి. బానిసత్వం కోసమని కొందరంటే, కాదు, రాష్ట్రాల హక్కుల కోసమని మరికొందరంటారు. అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలు ఈ వాదనను బడిలో విని ఇంటికి తెస్తారు. ఎవరి మాట నమ్మాలో తేల్చుకోవడానికి పెద్ద గ్రంథాలు అక్కర్లేదు. అమెరికా నుంచి విడిపోయిన దక్షిణాది రాష్ట్రాల్లో కొన్ని తమ కారణాలను తామే రాసిపెట్టాయి. ఆ ప్రకటనలు కొద్ది పుటలకు మించవు, యేల్ విశ్వవిద్యాలయ న్యాయ గ్రంథాలయం వారి అవలాన్ ప్రాజెక్ట్ సైటులో ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు.

ఏ పత్రం చేతిలోకి తీసుకున్నా ముందుగా దాని తేదీని చూడాలి. విడిపోయిన రాష్ట్రాలు కలిసి ఏర్పరచుకున్న కాన్ఫెడరసీకి ఉపాధ్యక్షుడైన అలెగ్జాండర్ స్టీఫెన్స్ 1861 మార్చి 21న సవానా నగరంలో ప్రసంగిస్తూ, నల్లవాడు తెల్లవాడితో సమానుడు కాడని, బానిసత్వమే అతనికి సహజ స్థితి అని, తమ కొత్త ప్రభుత్వానికి ఆ భావనే మూలరాయి అని చెప్పాడు. యుద్ధంలో ఓడిన తరువాత అదే మనిషి రెండు సంపుటాలు రాసి, గొడవంతా కేంద్రానికీ రాష్ట్రాలకూ మధ్య అధికార పంపిణీ గురించే జరిగిందని వాదించాడు. గెలుస్తామన్న నమ్మకంతో చెప్పిన మాటకూ, ఓడిపోయాక చెప్పుకున్న సంజాయిషీకీ ఒకే విలువ ఇవ్వకూడదు.

తేదీల వరుసలో మొదట 1787 నాటి అమెరికా రాజ్యాంగాన్ని తీసుకోవాలి. ప్రాతినిధ్యపు లెక్కలో బానిసలను అయిదింట మూడు వంతులుగా గణించే నిబంధన, 1808కి ముందు బానిసల దిగుమతిని నిషేధించరాదన్న నిబంధన, పారిపోయినవారిని తిరిగి అప్పగించాలన్న నిబంధన అందులో ఉన్నాయి. ఈ మూడింటిలో ఎక్కడా ‘బానిస’ అనే మాట కనిపించదు. దాని పక్కనే 1861 మార్చిలో కాన్ఫెడరసీ రాసుకున్న రాజ్యాంగాన్ని పెట్టి చూడండి. నీగ్రో బానిసలపై ఆస్తి హక్కును దెబ్బతీసే ఏ చట్టమూ చేయరాదని అందులో తేటతెల్లంగా ఉంది.

ఆ తరువాత 1860 డిసెంబర్ 24 నాటి సౌత్ కరొలైనా ప్రకటనను పెన్సిల్ పట్టుకుని చదవాలి. ఎవరి మీద ఫిర్యాదు చేస్తున్నారు, ఏమని చేస్తున్నారు అనే రెండు ప్రశ్నలకు జవాబు వచ్చిన ప్రతిచోటా గీత గీయండి. రాష్ట్రాల హక్కుల వాదన ఎక్కడ నిలుస్తుందో, ఎక్కడ కూలుతుందో అక్కడే తెలిసిపోతుంది. ఉత్తరాది రాష్ట్రాలు పారిపోయిన బానిసలను పట్టి ఇవ్వకుండా సొంత చట్టాలు చేసుకున్నాయన్నది, బానిసను వెంటబెట్టుకుని తమ నేల మీదుగా వెళ్లే హక్కును కూడా న్యూయార్క్ న్యాయస్థానాలు నిరాకరించాయన్నది ఆ ప్రకటనలోని ఫిర్యాదులు. అంటే, తమకు నచ్చని హక్కును ఇతర రాష్ట్రాలు వాడుకున్నాయన్నదే వారి కోపం. వారు అమలు చేయమని పట్టుబట్టినది 1850 నాటి సమాఖ్య చట్టం, అంటే పారిపోయిన బానిసలను పట్టి అప్పగించాలని కేంద్రం చేసిన చట్టం. ఆ చట్టం కింద పట్టుబడిన మనిషికి తన తరఫున సాక్ష్యం చెప్పుకునే వీలు లేదు. విచారించే అధికారికి అతన్ని యజమానికి అప్పగిస్తే 10 డాలర్లు, విడిచిపెడితే 5 డాలర్లు ముట్టేవి. ఇక మిసిసిపీ ప్రకటన, తమ స్థితి బానిసత్వ వ్యవస్థతో పూర్తిగా ముడిపడి ఉందని తొలి పుటలోనే చెప్పేస్తుంది. ఈ రెండు రాష్ట్రాలలోనూ జనాభాలో సగానికి మించినవారు బానిసలే అన్న సంగతి మనసులో పెట్టుకుని చదవాలి.

యుద్ధకాలపు అమెరికా అధ్యక్షుడు లింకన్ విషయంలో చాలామంది ఒకే ఉత్తరాన్ని పట్టుకుని తీర్పు చెబుతారు. ఒక్క బానిసను కూడా విడిపించకుండా సమాఖ్యను కాపాడగలిగితే అలాగే చేస్తానని 1862 ఆగస్టు 22న ఆయన రాసిన మాట నిజమే. అయితే అప్పటికి నెల రోజుల ముందే ఆయన బానిసలను విడుదల చేసే విమోచన ప్రకటన ముసాయిదాను తన మంత్రివర్గానికి చదివి వినిపించాడు. 1863 జనవరి 1న వెలువడిన ఆ ప్రకటన కూడా తిరుగుబాటు ప్రాంతాలకే వర్తించింది, సమాఖ్యలో మిగిలిన కెంటకీ, మిసోరి, మేరీలాండ్, డెలావేర్ రాష్ట్రాల బానిసలను తాకలేదు. ఈ పత్రాలను ఒకదాని వెంట ఒకటి చదివినప్పుడే యుద్ధ లక్ష్యం ఎలా మారుతూ వచ్చిందో అర్థమవుతుంది. ఆ మార్పు వాషింగ్టన్‌లో మొదలు కాలేదన్నది నా అభిప్రాయం. 1861 మే నెలలో ఫ్రాంక్ బేకర్, షెపర్డ్ మలొరీ, జేమ్స్ టౌన్సెండ్ అనే ముగ్గురు బానిసలు వర్జీనియాలో సమాఖ్య సైన్యం ఉన్న ఫోర్ట్ మన్రో కోటకు పారిపోయి వచ్చారు. సైన్యాధికారి బెంజమిన్ బట్లర్ వారిని తిరిగి ఇవ్వడానికి నిరాకరించాడు. ఆ వార్త పాకి, వారి వెనుక వేలమంది తరలివచ్చారు.

అన్నిటికన్నా ఓపిక కోరేవి జనగణన పత్రాలు. 1860 లెక్కల ప్రకారం దేశంలో 39,53,760 మంది బానిసలున్నారు. 1850, 1860 జనగణనలలో వారికోసం వేరే పట్టికలు రాశారు. యజమాని పేరు ఉంటుంది, దాని కింద ఒక్కొక్కరికి ఒక వరుస చొప్పున వయసు, ఆడో మగో, ఒంటి రంగు ఉంటాయి. కొద్దిచోట్ల తప్ప పేర్లుండవు. ఒక కుటుంబం జాడ వెతకాలంటే తరువాతి కాలం నుంచి వెనక్కి నడవాలి. విముక్తి పొందినవారు పేర్లతో సహా నమోదైన 1870 జనగణనలో మనిషిని గుర్తించి, వయసులోంచి పదేళ్లు తీసివేసి, అదే జిల్లాలోని 1860 పట్టికల్లో ఆ వయసుకు సరిపోయే వరుసలను వెతకాలి. ఇంటిపేరు చూసి అది పాత యజమానిదేనని అనుకోకూడదు, ఎందుకంటే చాలామంది స్వతంత్రులయ్యాక తమకు నచ్చిన పేరు పెట్టుకున్నారు. యజమాని చనిపోయినప్పుడు తయారైన ఆస్తి జాబితాల్లో పశువుల ధరల సరసన మనుషుల పేర్లూ వాళ్ల వెలా కనిపిస్తాయి. విముక్తి పొందినవారి కోసం పెట్టిన ఫ్రీడ్‌మన్స్ సేవింగ్స్ బ్యాంకులో ఖాతా తెరిచినవారు తల్లిదండ్రుల, తోబుట్టువుల పేర్లు, పాత యజమాని పేరు చెప్పి రాయించుకున్న నమోదులు కూడా మిగిలాయి.

ఈ దారిలో వెళ్లేవారు ఆ కాలపు నల్లజాతి పత్రికల్లోని ప్రకటనలను తప్పక చదవాలి. తల్లి పేరు, ఆమెను ఎవరు ఎవరికి అమ్మారు, చివరిసారి చూసింది ఎక్కడ అన్న వివరాలు రాసి, పాస్టర్లు దీన్ని ప్రార్థన సమయంలో చదివి వినిపించాలని వేడుకున్న ప్రకటనలవి. యుద్ధం ముగిసిన దశాబ్దాల తరువాత కూడా అవి వస్తూనే ఉన్నాయి. పట్టికలో పేరు లేని వరుసగా మిగిలిన మనిషి కోసం కన్నబిడ్డ వెతుక్కోవడం అక్కడ కనిపిస్తుంది. చదివేటప్పుడు కాసేపు ఆగాల్సి వస్తుంది, ఆగండి.

యుద్ధానంతర చట్టాలకు వేరే పద్ధతి కావాలి. వాటిలో మినహాయింపు ఎక్కడుందో, అమలు ఎవరి చేతిలో ఉందో చూడాలి. 1865 డిసెంబర్‌లో ఆమోదం పొందిన రాజ్యాంగ 13వ సవరణ, నేరానికి శిక్షగా తప్ప బానిసత్వం ఉండరాదంటుంది. దానికి కొద్ది రోజుల ముందే మిసిసిపీ చేసిన నల్లజాతి చట్టాలను పక్కన పెట్టుకుని చూస్తే, ఏటా జనవరిలో పని ఉన్నట్టు రాతపూర్వక రుజువు చూపించని నల్లవాడిని దేశదిమ్మరిగా ముద్ర వేసి జరిమానా కోసం కూలికి అప్పగించే ఏర్పాటు కనిపిస్తుంది. నేరం ఏదో నిర్ణయించే అధికారం ఎవరికి ఉందో, ఆ ‘తప్ప’ అనే మాట బలం వారికే దక్కింది. 1868 నాటి 14వ సవరణ, నల్లవారు పౌరులు కాలేరన్న 1857 నాటి సుప్రీంకోర్టు డ్రెడ్ స్కాట్ తీర్పును చెరిపివేసింది. అమెరికాలో పుట్టిన తెలుగువారి పిల్లలకు ఇన్నేళ్లుగా పౌరసత్వం వస్తున్నది కూడా ఆ సవరణలోని మొదటి వాక్యం వల్లనే.

ఇక 1890 నాటి మిసిసిపీ రాజ్యాంగాన్ని చూస్తే, ఓటు గురించిన షరతుల్లో జాతి ప్రస్తావన లేదు. పన్ను కట్టిన రసీదు ఉండాలి, రాజ్యాంగంలోని ఏదైనా భాగాన్ని చదవగలగాలి లేదా విని అర్థం చెప్పగలగాలి. చెప్పిన అర్థం సరైనదో కాదో తేల్చేది శ్వేతజాతి అధికారి. 1965లో ఓటుహక్కుల చట్టం వచ్చే ముందు ఆ రాష్ట్రంలో అర్హులైన నల్లవారిలో దాదాపు 7 శాతం మందే ఓటర్లుగా నమోదై ఉండగా, ఆ తరువాత రెండేళ్లకే ఆ సంఖ్య 60 శాతానికి చేరింది.

చదవడం అయ్యాక వినడానికీ ఒకటుంది. బానిసగా పుట్టిన ఫౌంటెన్ హ్యూస్ అనే వృద్ధుడి మాటలను 1949లో బాల్టిమోర్‌లో రికార్డు చేశారు. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ సైటులో ఆ గొంతు నేటికీ వినిపిస్తుంది. బానిసలుగా ఉన్న రోజుల్లో తమకు మంచాలుండేవి కావని, నేల మీదే పడుకునేవారమని ఆయన చెబుతాడు. రాతప్రతి పక్కన పెట్టి, పిల్లలను కూర్చోబెట్టుకుని, మొదట ఆ గొంతునే వినండి.