పాఠం 7: స్టడ్‌తో పాటు ఈజీ-అవుట్ కూడా విరిగిందా?

ఈసారి గ్యాస్కెట్ గురించి చెబుదామనుకున్నాను. కుదరదు. పోయిన పాఠం చదివి, విరిగిన ఎగ్జాస్ట్ స్టడ్ (పొగ గొట్టాల మానిఫోల్డ్‌ని ఇంజిన్ హెడ్‌కి పట్టి ఉంచే మరల కడ్డీ) తీయబోయిన వాళ్లలో చాలామంది ఈజీ-అవుట్‌ని (విరిగిన ముక్కలో దించి, విప్పే వైపు తిప్పే ఎదురు మరల పనిముట్టు) కూడా హెడ్‌లోనే విరగ్గొట్టుకుని కూర్చున్నారు. "మధ్యలో రంధ్రం వేసి, ఈజీ-అవుట్ దించి తిప్పండి" అని ఒక్క ముక్కతో సరిపెట్టింది నేనే.

ఒక్కసారి ఆలోచించండి. 8 ఎంఎం స్టడ్ తుప్పుతో పట్టేసి, పానాకి కదలక, తెగిపోయింది. అందులో సగం లావుండే ఈజీ-అవుట్ దాన్ని కదుపుతుందా? కదపకపోగా, దిగేకొద్దీ స్టడ్‌ని లోపల్నుంచి ఉబ్బించి థ్రెడ్‌కి ఇంకా బిగిస్తుంది. తర్వాత టిక్కుమని విరుగుతుంది, అంతే. ఈజీ-అవుట్ చాలా గట్టి ఉక్కు కాబట్టి, ఇక మామూలు డ్రిల్ బిట్ దాని మీద గీత కూడా పెట్టలేదు, జారి పక్కనున్న మెత్తటి అల్యూమినియంలోకి దిగిపోతుంది. ఈజీ-అవుట్ పనికొచ్చేది తుప్పు లేకుండా, ఎక్కువ బిగించినందుకు తల ఊడిన బోల్టుకి. వాల్వ్ కవర్ మీది 6 ఎంఎం బోల్టు అలాంటిదే. ఎగ్జాస్ట్ దగ్గర దాన్ని డబ్బాలోంచే తీయకండి. ఇప్పటికే విరిగిపోయి ఉంటే హెడ్ దించి, స్పార్క్ ఎరోషన్ మిషన్ (కరెంటు నిప్పురవ్వలతో లోహాన్ని అరగదీసేది) ఉన్న టూల్ రూమ్‌కి పట్టుకెళ్లండి. చేతి డ్రిల్లుతో కార్బైడ్ బిట్ వాడితే అది కూడా ముక్కలై లోపలే చేరుతుంది.

నేను నమ్మేది వెల్డింగే. మానిఫోల్డ్ ఊడదీయడం మీకు వచ్చనే అనుకుంటున్నా. బ్యాటరీ నెగటివ్ తీసి, వెల్డింగ్ మిషన్ ఎర్త్ క్లాంపు హెడ్‌కే పెట్టండి. పెట్రోల్ వాసన ఏమాత్రం వచ్చినా ఆ రోజుకి పని ఆపేయండి. ఫైర్‌వాల్ (ఇంజిన్‌కీ కారు లోపలికీ మధ్య ఉండే రేకు గోడ) వైపు జానెడు చోటు కూడా ఉండదు కాబట్టి మిగ్ గన్ (తీగ దానంతటదే వచ్చే వెల్డింగ్ గన్) అయితేనే దూరుతుంది. 8 ఎంఎం స్టడ్ మొండెం మీద నేను 10 ఎంఎం నట్టు పెట్టి, దాని రంధ్రంలోంచి రెండిటినీ కలిపి వెల్డ్ చేస్తాను, లోపల లోహం నిండటానికి చోటుంటుంది. ముక్క హెడ్‌తో సమంగా తెగి ఉంటే ముందు దాని మీద వెల్డ్ చుక్క చుక్కగా పోసి ఎత్తు పెంచాలి. ఇనుము అల్యూమినియంకి అతకదు. కానీ అల్యూమినియం 660 డిగ్రీలకే కరుగుతుంది, ఆర్క్ అంచు దాటనివ్వకండి.

ఎరుపు తగ్గాక కొవ్వొత్తి ఆనించండి, మైనం కరిగి థ్రెడ్‌లోకి పాకుతుంది. 17 పానాతో ముందు కొంచెం బిగించే వైపు, తర్వాత విప్పే వైపు. కీచుమంటూ కదిలితే పని అయినట్టే, తొందరపడి లాగకండి. నట్టు ఊడొస్తే ఇంకోటి వెల్డ్ చేయండి. నాకు నాలుగో నట్టుకి లొంగినవీ ఉన్నాయి. వేడెక్కి చల్లారిన ప్రతిసారీ తుప్పు పట్టు కొంత వదులుతుంది.

అభ్యాసం: తుక్కు షాపులో పాత అల్యూమినియం హెడ్ ఒకటి కొనండి. మూడు స్టడ్లు కావాలని తెంపి, హెడ్‌ని గోడకి జానెడు దూరంలో నిలబెట్టి, అద్దంలో చూస్తూ మాత్రమే తీయండి. తీశాక కొత్త స్టడ్ చేతి వేళ్లతో చివరిదాకా దిగాలి. మూడింట్లో ఒక్కటి దిగకపోయినా మళ్లీ మూడూ తెంపండి.